స్నానానికి మగమనిషి

సహాయ కేంద్రం అధికారిగారికి,

మావారికి స్నానం చేయించడానికి మగమనిషిని పంపమని అడిగితే, భార్య ఇంట్లోనే ఉన్నారు కదా అని జవాబు రాశారు. ఉన్నాను, నిజమే. మతిమరుపు జబ్బు ముదిరి, ఆయనే నన్ను గుర్తుపట్టడం లేదు. పరాయి ఆడవాళ్ళ ముందు చొక్కా కూడా విప్పే మనిషి కాదాయన. నిన్న గుండీ మీద చెయ్యి వేయగానే చొక్కా బిగించి పట్టుకున్నారు.

"తప్పమ్మా, మీరు బయటికి వెళ్ళండి. మా ఆవిడ చూసిందంటే ఊరుకోదు. అసలే కోపిష్టిది."

"ఎక్కడికెళ్ళింది ఆవిడ?" అన్నాను.

"కూరగాయలకి. బేరం తెగేదాకా రాదు. వచ్చాకే పోసుకుంటాను."

తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాను. నీళ్ళు చల్లారిపోయాయి.

కనుక మగమనిషినే పంపండి. రాగానే "మీ ఆవిడ పంపింది" అని చెప్పమనండి. ఆ మాటంటే ఆయన కాదనరు. అది అబద్ధమూ కాదు.

ఇట్లు,
ఆయన భార్య