వాన కోసం డజను గుడ్లు

ఇలోయిలో
మంగళవారం

రోసెల్‌కి,

సిస్టర్ మరియా పసెన్సియా అని రాయాలని తెలుసు. నీ పేరు మారి పదిహేను నెలలైనా చెయ్యి తిరగడం లేదు.

ఈ ఉత్తరం గుడ్ల ట్రే అడుగున పెట్టాను. పైనున్న ముప్పై గుడ్లూ మా అమ్మమ్మవి. పెళ్ళికీ ఊరేగింపుకీ వాన రాకుండా మీ క్లారా మఠానికి గుడ్లిస్తారు కదా, ఆదివారం మనవరాలి మారథాన్‌కి ఎందుకివ్వకూడదని ఆవిడ వాదన. రోజుకో ట్రే పంపుతానంది. మోసేది నేను. ఈ వారం బరువులు మోయకూడదని కోచ్ చెప్పాడంటే, "గుడ్లు బరువేమిటే?" అంది.

మదర్ గారికి ఒక మనవి. ఉత్తరాలు ముందు మీరు చదువుతారని విన్నాను. దయచేసి కింది పేరా వదిలేయండి.

రోసెల్, ఆదివారం వాన పడేలా ప్రార్థించు. చినుకులు కాదు. వీధులు మునగాలి. పందెం రద్దవ్వాలి. నాకు పరిగెత్తాలని లేదు.

మానేస్తానని నోటితో చెప్పలేను. ప్రిన్సిపాల్ సిస్టర్ అసెంబ్లీలో ప్రకటించేశారు. ఏడో తరగతి పిల్లలు లైబ్రరీ తలుపుకి బ్యానర్ కట్టారు. "మిస్ జోవెలిన్, మీరు పడిపోయినా మాకిష్టమే" అని. ప్రేమతోనే రాశారు. అదే వాన వస్తే ఎవరి తప్పూ ఉండదు.

ఆఖరి వారం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నోంగ్ ఎర్నింగ్, అదే మా కోచ్, ఫైర్ స్టేషన్‌లో రిటైరైన పెద్దాయన, చెప్పిన ప్రకారం పొద్దున అరగంట నెమ్మదిగా పరిగెత్తాను. స్కూలుకి వారం సెలవు పెట్టాను కాబట్టి మిగతా రోజంతా కాళ్ళు గోడకి ఆనించి పడుకున్నాను. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"పొద్దుట్నుంచీ పడుకుని ఏం సాధిస్తున్నావే?"

"బలం దాచుకుంటున్నాను అమ్మమ్మా. గెలిచేవాళ్ళందరూ ఇలాగే చేస్తారట."

"అలా అయితే మీ తాతయ్య ఒలింపిక్స్‌కి వెళ్ళాల్సిన మనిషి."

నిన్నటిదాకా లేని నొప్పులు పుట్టుకొస్తున్నాయి. పొద్దున ఎడమ మోకాలు, మధ్యాహ్నం కుడి చీలమండ. సాయంత్రానికి రెండూ మాయమై చెవినొప్పి. నోంగ్ ఎర్నింగ్‌తో చెప్పాను. "చెవితో పరిగెత్తవు కదమ్మా ఇందాయ్. ఆఖరి వారం అందరికీ ఇంతే, ఒళ్ళు సాకులు వెతుక్కుంటుంది, నువ్వు పట్టించుకోకు" అన్నాడు. నాకేమో ఒళ్ళు చెప్పేదే నిజమనిపిస్తోంది.

వాన సంగతి మర్చిపోకు.

నీ
జోవెలిన్


గురువారం

రోసెల్‌కి,

ఖాళీ ట్రేలో నీ చీటీ దొరికింది. "గుడ్లు ఎవరివో కోరిక వాళ్ళదే, అమ్మమ్మ గుడ్ల మీద నువ్వు వాన అడగడం కుదరదు అన్నారు మదర్." అంటే ఆ పేరా చదివేశారన్నమాట.

సరేనని నిన్న సొంతంగా ఒక డజను గుడ్లు కొని తెచ్చాను. మనుషులు కనబడకుండా గుడ్లు లోపలికి పంపే మీ తిరిగే చెక్క అలమర ముందు వరస ఉంది. నా వెనక ఒక పెళ్ళికూతురి తల్లి, ఆమె వెనక మా రన్నింగ్ క్లబ్బువాళ్ళు ముగ్గురు. అలమర అవతల సిస్టర్ బిబియానా. ఆవిడ చెవుడు సంగతి నీకు తెలుసు.

"ఏ రోజుకమ్మా?"

"ఆదివారానికి."

"గట్టిగా చెప్పాలి."

"ఆదివారానికి సిస్టర్."

"ఎండే కావాలా, మబ్బుగా ఉన్నా చాలా?"

మొత్తం వరసంతా నా వీపు వైపే చూస్తోంది.

"ఎండే రాసుకోండి సిస్టర్, పాపం పిల్ల సిగ్గుపడుతోంది," అని పెళ్ళికూతురి తల్లి కేకేసింది. "మాదీ ఆ రోజే."

అలా నా డజను గుడ్లు కూడా ఎండ ఖాతాలో కలిసిపోయాయి.

ఇంట్లో సంగతులు. అన్నం ఎక్కువ తినమని కోచ్ చెప్పాడని తెలిసినప్పటి నుంచి అమ్మమ్మకి ఆయనంటే గౌరవం. మూడోసారి వడ్డిస్తూ, "బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడు" అంది. పరుగు అయ్యాక కాళ్ళు చన్నీళ్ళలో పెట్టమన్నాడని చెప్పగానే ఆ గౌరవం పోయింది. "వేడి కాళ్ళ మీద చన్నీళ్ళా? నరాలు పట్టేస్తాయి. ఎవడాడు, మనుషుల్ని చంపడానికి తిరుగుతున్నాడా?"

ఇక అసలు సంగతి. ఇది మదర్ గారు చదివినా ఫరవాలేదు.

స్కూల్లో, కాలేజీలో నువ్వు పరిగెత్తావు. నేను నీ తువ్వాలూ నీళ్ళ సీసా పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఎనిమిదేళ్ళు. తర్వాత మన స్కూల్లోనే నువ్వు ఆటల టీచరువి, నేను లైబ్రరీ. నువ్వు మఠంలో చేరిన సంగతి నాకెలా తెలిసిందో తెలుసా? స్టాఫ్ రూమ్ నోటీసు బోర్డు మీద. "ఆటల టీచరు పోస్టు ఖాళీ. కారణం: మఠప్రవేశం." పక్కనే కుళాయి మరమ్మతు నోటీసు.

ఆ సాయంత్రం మీ గేటు దాకా వచ్చాను. మూసి ఉంది. తిరిగి వెళ్తుంటే ఏడుపొచ్చింది. నడుస్తూ ఏడిస్తే మన హారో పేట వీధులన్నీ చూస్తాయి. పరిగెత్తుతూ ఏడిస్తే చెమటనుకుంటారు. అందుకని పరిగెత్తాను. మర్నాడూ పరిగెత్తాను. అలా నీ మీద కోపంతో ముప్పై రెండు కిలోమీటర్ల దాకా వెళ్ళాను. నోంగ్ ఎర్నింగ్ దాన్ని క్రమశిక్షణ అనుకున్నాడు.

ఈ వారం పెద్ద పరుగుల్లేవు కదా. గోడకి కాళ్ళు ఆనించి మూడు రోజులు పడుకున్నాను. లేచి చూసుకుంటే ఆ కోపం లేదు. బూట్లున్నాయి, నంబరు చీటీ ఉంది, దాన్ని చొక్కాకి గుచ్చుకునే పిన్నీసులు కూడా ఉన్నాయి. పరిగెత్తడానికి కారణమే లేదు. నలభై రెండు కిలోమీటర్లు ఊరికే ఎవరు పరిగెత్తుతారు?

ఒకటే అడుగుతాను. నాకెందుకు చెప్పలేదు? జవాబు చూస్తే మళ్ళీ కోపమైనా వస్తుంది. శనివారంలోగా రాయి.

జోవెలిన్


క్లారా మఠం
శనివారం

ప్రియమైన జోవికి,

నీకు శాంతి కలుగు గాక. మేం ఇలాగే మొదలుపెట్టాలి.

వానకి మారథాన్ ఆపరు. ఇది నీకెవరూ చెప్పలేదా? కాలేజీలో నేను మూడు వానల్లో పరిగెత్తాను. ఆఖరి గీత దగ్గర గొడుగు పట్టుకుని నిలబడింది నువ్వే. గొడుగు కింద ఏదో చదువుకుంటున్నావు, అందుకే వాన సంగతి నీదాకా రాలేదు.

నేనిప్పుడు వంటింట్లో ఉన్నాను. ఈ వారం పన్నెండు వందల గుడ్లు వచ్చాయి. కేకులు చేసి ఆసుపత్రికీ ముసలివాళ్ళ ఆశ్రమానికీ పంపుతున్నాం. నా కలల్లో కూడా పెంకులే. వాన కావాలన్నది మాత్రం నువ్వొక్కదానివే. ఆ పేరాని మదర్ గారు సిస్టర్ బిబియానాకి చదివి వినిపించారు. ఆవిడకి వినబడాలని గట్టిగా చదివారు. ఇప్పుడు మఠమంతటికీ తెలుసు.

నీ రెండో ఉత్తరం నా చేతికిస్తూ మదర్, "దీనికి నిజం రాయి" అన్నారు. అంతే అన్నారు.

నిజం ఇది. నీకు చెప్పడానికి మూడుసార్లు వచ్చాను. మొదటిసారి లైబ్రరీకి. "ఈ పేజీ అవ్వనీ" అన్నావు. గంట కొట్టారు, నాకు క్లాసుంది. రెండోసారి మీ ఇంటికి. "ఈ అధ్యాయం అవ్వనీ" అన్నావు. మీ అమ్మమ్మ నాకు నూడుల్స్ పెట్టింది, తిని వచ్చేశాను. మూడోసారి నది ఒడ్డున బెంచీ మీద నీ పక్కనే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. సగం చెప్పాను కూడా. నలభై నిమిషాల తర్వాత నువ్వు పుస్తకం మూసి, "ఏమిటే, ఏదో అంటున్నావు?" అన్నావు. ఏం లేదన్నాను.

నాకూ కోపమొచ్చింది జోవీ. ఇక్కడ నా మొదటి పాపసంకీర్తనంలో చెప్పుకున్నది అదే. పరిగెడితే పోతుందేమోననుకున్నాను. ఇక్కడి తోట చుట్టూ తిరిగితే నూట నలభై అడుగులు. తొమ్మిది చుట్లకి కళ్ళు తిరిగి తులసి మడిలో పడ్డాను.

రేపు పరిగెత్తడం, మానడం నీ ఇష్టం. మానేస్తే "మానేశాను" అని నోటితో చెప్పు, ఎవరూ చచ్చిపోరు. నేను వాన కోసమూ ప్రార్థించలేదు, ఎండ కోసమూ ప్రార్థించలేదు. నీ కోసం చేశాను.

సిస్టర్ మరియా పసెన్సియా
(నేనే)


సోమవారం

రోసెల్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అబద్ధమనుకున్నాను. రెండోసారి ఆ బెంచీ గుర్తొచ్చింది. మూడోసారి, ఆ రోజు చదివిన పుస్తకమేమిటో గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు.

వాన పడలేదు. తొమ్మిదింటికల్లా పన్నెండు వందల గుడ్ల ఎండ కాసింది. దారి పొడుగునా జనం మీ మఠాన్ని తలుచుకున్నారు, భక్తితో కాదు.

ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర కోపం కోసం వెతికాను. నీ మీద లేదు. నా మీద కొంచెం దొరికింది. అది రెండు కిలోమీటర్లకి సరిపోయింది. ఆ తర్వాత నడిచాను, పరిగెత్తాను, మళ్ళీ నడిచాను. అమ్మమ్మ ట్రైసికిల్ బండిలో పక్కనే వస్తూ, "చూడాల్సినవాళ్ళందరూ చూశారు, ఇక ఎక్కెయ్యవే" అంది. "ఎక్కను అమ్మమ్మా" అన్నాను. ఆవిడతో అంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు. ఆవిడ డ్రైవర్ వైపు తిరిగి, "మా అమ్మాయికి ఎండ దెబ్బ తగిలింది" అని చెప్పింది.

ఎందుకు ఎక్కలేదో చెప్తాను. ఎనిమిదేళ్ళు మెట్ల మీద కూర్చుని నిన్ను చూశాననుకున్నాను. నేను తలెత్తినప్పుడల్లా నువ్వు మొదట్లోనో చివర్లోనో ఉండేదానివి. మధ్యలో నువ్వేం పడ్డావో నాకు తెలియదు. అది తెలుసుకోవాలనిపించింది. ఇప్పుడు తెలిసింది. చాలా ఘోరంగా ఉంది రోసెల్. ఒక్కసారైనా చెప్పాల్సింది. చెప్పే ఉంటావు.

ఆరు గంటల యాభై ఒక్క నిమిషాలు. నా వెనక ఇద్దరే, ఒక డెబ్భై ఏళ్ళ తాతగారు, అంబులెన్సు.

ఇవాళ కుర్చీలోంచి లేవాలంటే అమ్మమ్మా పక్కింటావిడా చెరో వైపూ పట్టుకోవాలి. మెట్లు దిగడం కుదరదు. అందుకని ఈ ఉత్తరం అమ్మమ్మే తెస్తోంది. ఆ మూడుసార్లూ నువ్వు చెప్పబోయింది ఇప్పుడు రాయి. సగం నుంచి కాదు, మొదటినుంచి రాయి. బుధవారం దాకా నేను ఎక్కడికీ కదల్లేను. చేతికందే దూరంలో ఒక్క పుస్తకం కూడా లేదు.

జోవెలిన్