పెన్నేట్లో పోసిన నీళ్లు

కడప,
ధాత సంవత్సరం, చైత్ర బహుళ చవితి.

చిరంజీవి సౌభాగ్యవతి రత్నమ్మకు మీ నాయన దీవించి రాసేది. ఎండ ఒక్కటి తప్ప ఇక్కడ అందరమూ నెమ్మదిగా ఉన్నాము. బేతంచెర్లలో నువ్వూ, అల్లుడూ, మీ మామగారూ కుశలమని తలుస్తాను. మీ అత్తగారు ఒంటిమిట్ట కల్యాణం చూసుకొని సిద్ధవటంలో పుట్టింటికి పోయినారు. ఆదివారం రైలెక్కుతారు. ఆమె కంటే ముందు ఈ జాబు నీకు చేరాలని, మండీకి ఆలస్యంగా వస్తానని చెప్పి పంపి, కూర్చొని రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మీ అమ్మ మోకాలి వాపు వావిలాకు కాపడంతో తగ్గింది. నడుస్తాంది, మునుపటికంటే ఎక్కువగా నన్ను తిడతాంది. మిరపపొడి మీ అత్తగారి మూటలో పెట్టాము. ఇంటినుంచి ప్రదర్శనానికి మోసుకుపోయే దారిలో బొమ్మ చట్రం పగిలిందా అని అడిగావు. పటాలు కట్టే పీరా బిగించిన చట్రం పగలదు.

ఇక నీ పెద్ద ప్రశ్న. నీ బొమ్మను చిత్రకారుల సంఘంవాళ్లు తీసుకొన్నారు. తలుపుకు ఎదురుగా, వచ్చినవాళ్లకు మొదట కనపడేచోట తగిలించారు. మొదటి బహుమతి అని కింద చీటీ కూడా అంటించారు. ఇంతవరకు చదివి మీ మామగారికి చెప్పడానికి లేవవద్దు. మిగిలింది కూడా చదువు.

ఆ సంఘాన్ని గురించి నువ్వు చాలా గొప్పగా అనుకొన్నావు. చిత్రకారులే పెట్టుకొని చిత్రకారులే నడుపుకొనేది, అందులో షావుకార్ల పెత్తనం ఉండదు అని రాశావు. ఆ మాట నిజమే. షావుకారైతే సరుకు చేత్తో పట్టి చూసి, పుచ్చు ఉంటే పక్కన పారేస్తాడు. వీళ్లకు ఆ శ్రమ లేదు. బొమ్మ వేసేది వాళ్లే, అది గొప్పదని తేల్చేది వాళ్లే, చప్పట్లు కొట్టేదీ వాళ్లే. ఒంటె అందాన్ని గాడిదా, గాడిద పాటను ఒంటే మెచ్చుకొన్నట్టు. పోయిన ఏడు బహుమతి కార్యదర్శి తిమ్మయ్యకు వచ్చింది. అంతకు ముందు ఏడు తిమ్మయ్య బావమరిదికి.

బడి హాలు ముందర ‘నవీన చిత్రకళ, వార్షిక ప్రదర్శనం’ అని గుడ్డ కట్టారు. లోపల నవీనం ఏమిటో నాకు తెలియలేదు. ఎటు చూసినా కొలను, కొలనులో హంస, గట్టున సగం నిద్రలో ఉన్న ఆడమనిషి. కళ్లు చెవులదాకా సాగి ఉన్నాయి. పీరా నాతోకూడా వచ్చి ఒక్కొక్క బొమ్మ ముందూ నిలబడ్డాడు.

“ఓబులేసన్నా, ఈయమ్మకు జరమొచ్చినట్లుండాదే! హకీమును పిలుచుకొని రానా?”

“ఊరికే ఉండు.”

“ఆ కొక్కెరకు మెడ అంత వంకర ఏందన్నా?”

“అది హంస.”

“మన జిల్లాలో యాడుండాదన్నా హంస?”

“ఈడ గోడమీద ఉండాది. చూడు, పద.”

వాళ్ల పద్ధతి ఒకటి నీకు తెలియదు. మొదటిసారి బొమ్మ పంపినవాళ్లు ఎవరైనా సరే, తగిలించే ముందు ఆ బొమ్మమీద అధ్యక్షుని చెయ్యి పడాలి. దానికి ‘దిద్దుబాటు’ అని పేరు. అధ్యక్షుడు నరసన్న, డ్రాయింగు మాస్టరు. భుజంమీద జరీ కండువా, వేళ్లకు రంగు. ఆ రంగు కడుక్కోకుండా బజారులో తిరుగుతాడు, పదిమందీ చూడాలని. కొత్తవాళ్ల బొమ్మలో ఒక చెట్టో, చంద్రుడో చేరుస్తాడు. అట్లా చేరిస్తేనే బొమ్మకు శుద్ధి అయినట్టు లెక్క. దానికి కొత్తవాళ్లు చేతులు జోడించాలి కూడా.

నీ బొమ్మలో ఆయన నీళ్లు పోశాడు, రత్నమ్మా. నువ్వు వేసిన ఎండిన పెన్నేరు, ఆ తెల్లటి ఇసక, అంతా మునిగేటట్టు నీలిరంగు పూశాడు. అక్కడక్కడా తామరపూలు పెట్టాడు. చెలమ చుట్టూ వంగి కొబ్బరిచిప్పతో నీళ్లు తోడే ముగ్గురు ఆడవాళ్లను మాత్రం అట్లాగే వదిలాడు. ఏరు నిండుగా పారుతూ ఉంటే, ఆ ముగ్గురూ మధ్యలో గుంత తవ్వుకొని చిప్పతో తోడుతున్నారు. దానికే బహుమతి. చూసినవాళ్లంతా ‘ఆహా, నీళ్లకు ఎంత చల్లదనం వచ్చింది’ అన్నారు. పెన్న ఇసకలో కాళ్లు కాల్చుకొని పెరిగినవాళ్లే ఆ మాట అన్నారు.

పున్నమి మరునాడు మీ అత్తగారు ఒంటిమిట్టనుంచి నేరుగా హాలుకు వచ్చారు. ఆమె నీకు పెట్టిన షరతు నాకు గుర్తుంది. పదిమంది చూసే గోడ ఎక్కితే సరే, లేకుంటే రంగులపెట్టె అటకెక్కాల్సిందే అని కదా. ఆమె చీటీ చదివించుకొన్నారు. తరువాత బొమ్మ దగ్గరికి పోయి చాలాసేపు చూశారు.

“ఏం వియ్యంకుడా, ఇది నా కోడలు రాసిందేనా?”

“అవునమ్మా.”

“ఏట్లో ఇన్ని నీళ్లుంటే చెలమ తోడేదేందప్పా? దానికేమన్నా మతి పోయిందా? సిద్ధవటంలో పుట్టినదాన్ని, నాకు సూపిచ్చేదా ఈ ఏరు? ఇంతమాత్రం తెలీని దానికి రంగులెందుకు, కుంచెలెందుకు? రేపే అటకమీద ఏయిస్తా.”

నరసన్న మాస్టరు పక్కనే ఉన్నాడు. తగుదునమ్మా అని సంతోషంగా ముందుకు వచ్చాడు. “నీళ్లు మేము చేర్చినవమ్మా. ఎండిన ఏరు అశుభం. కళ అంటే కంటికి చల్లగా ఉండాల. మీ కోడలికి ఇంకా చెయ్యి తిరగలేదు” అన్నాడు.

మీ అత్తగారు ఆయన్ను తలనుంచి కాళ్లదాకా చూశారు. “అట్లనా? అయితే బహుమతి ఎవరికప్పా? నా కోడలి బొమ్మకా, నీ నీళ్లకా?”

“సంఘానికే గౌరవం, అమ్మా.”

“నీళ్లు పోసే చెయ్యి అంత మంచిదైతే, మా బేతంచెర్లకు రా సామీ. బాయి ఎండిపోయి శానా దినాలాయ.”

హాలులో నవ్వారు. తిమ్మయ్య కూడా నవ్వబోయి, మాస్టరు ముఖం చూసి దగ్గాడు. అప్పుడామె నా వైపు తిరిగారు.

“నీకు తెలుసునా వియ్యంకుడా ఈ సంగతి?”

రత్నమ్మా, ఇది నీకు రాయడానికే ఇంతసేపూ చుట్టూ తిరిగాను. నాకు తెలుసు. బొమ్మలు తగిలించిన రోజే చూశాను. మాస్టరు కుంచె పట్టుకొని ఇంకా నీళ్లు పూస్తూనే ఉన్నాడు. ఆపమని ఒక్క మాట అనలేదు. ఆయన ‘నమస్కారం పెట్టండి’ అన్నట్టు చూస్తే, పెట్టాను. బహుమతి వస్తుందని అప్పటికే తిమ్మయ్య చెవిలో చెప్పాడు. నీళ్లు ఉంటే ఉండనీ, నీ పెట్టె అటకెక్కకుండా ఉంటుంది కదా అనుకొన్నాను. వాళ్లను గురించి ఇంత రాశాను గాని, ఆ రోజు వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మీ అత్తగారి ఎదుట ‘తెలుసు’ అన్నాను.

“నోట్లో ముద్ద పెట్టుకొని నిలబడితివా మరి? బిడ్డను కన్న తండ్రివా, బండవా?”

నేను మాటలు రానివాణ్ణని నీకు తెలుసు. తిమ్మయ్య చట్రాలమీద మరకలు తుడిచే టర్పెంటు సీసా కిటికీలో ఉంది. నా కండువా చెంగు అందులో తడిపి బొమ్మ దగ్గరికి పోయాను. “ఓయ్, ముట్టరాదు! ముట్టరాదు!” అని తిమ్మయ్య అరిచాడు. మాస్టరు నా మోచెయ్యి పట్టుకొన్నాడు. పీరా ఆయన చెయ్యి మెల్లగా విడిపించి, “పెద్దాయన ఇల్లు తుడుచుకుంటాండాడు, తుడుచుకోనీ సామీ” అన్నాడు.

ఇంకా ఆరని రంగు, తొందరగానే ఊడివచ్చింది. తామరలు ముందు పోయాయి. ఆ కింద నీ ఇసక అట్లాగే ఉంది.

బహుమతి చీటీ చించేశారు. నీ పేరు సంఘంలోనుంచి కొట్టేశామని తిమ్మయ్య అక్కడే అందరికీ వినపడేటట్టు చదివాడు. వాన పడని ఊళ్లో గొడుగుల అంగడివాడు మనల్ని రావద్దన్నట్టే, దానికి నువ్వు ఏడవవద్దు. కాని ఇంకొకటి ఉంది. తుడిచే ఊపులో ఎడమవైపు వంగిన మనిషి చెయ్యి కూడా పోయింది. మోచేతి దాకా లేదు. అది మాస్టరు పని కాదు, నాది. నువ్వు పుట్టింటికి వచ్చిన నెలంతా కూర్చొని వేసిన చెయ్యి అది. నన్ను ఏమన్నా పడతాను.

బొమ్మను పీరా దించి ఇచ్చాడు. మీ అత్తగారు దాన్ని బయట ఎండలో నిలబెట్టి, మళ్లీ మొదటినుంచి చూశారు. మెచ్చుకొన్న ముఖం కాదు. నీ రంగులపెట్టె సంగతి ఏమంటారోనని నేను ఆమె పక్కకు పోయాను. ఆమె వేలితో చెలమ అంచును చూపించారు.

“గట్టు ఇంత నిలువుగా నిలబడదు. ఇసక జారతాది. గుంత పైన వెడల్పుగా ఉండాల, లేకుంటే మనిషి లోపలికి పడతాది. దానికేం తెలుసు, బాయినీళ్లు తాగి పెరిగింది. నేను పక్కన కూచోని చెప్తా, సరిచేస్తాది.” మూటలోనుంచి పాత చీర తీసి బొమ్మకు చుట్టడం మొదలుపెట్టారు. “ముందు ఆ మనిషికి చెయ్యి పెట్టమని జాబు రాయి. చిప్ప గాల్లో ఉండాది.”

అందుకని రాస్తున్నాను.

ఇట్లు,
నీ నాయన
ఓబులేసు