పెట్టెలో వచ్చిన ఆరేళ్లు

ఏప్రిల్ 7, మంగళవారం
జపాన్ మిషను వచ్చింది. లాలాగూడలోని మా షెడ్డు గుమ్మంలో పట్టక తలుపు ఊడదీశారు. బేరింగ్ రింగులు గ్రైండింగ్ చేసే మిషను. మధ్యాహ్నపు ఎండకు ఇనుము సాగి కొలత తప్పుతుంది, దాన్ని ఎలా ఆపాలన్నదే ఈ షెడ్డు ఇంజనీరుగా ఆరేళ్లుగా నా పరిశోధన... నాదీ, టర్నర్ యాదగిరి గారిదీ. ఆ వేడిని ఆపే ఏర్పాటంతా ఈ మిషను లోపలే ముందే ఉంది. మాన్యువల్‌లో రెండు పేజీలు.

ఓనరు ప్రసాద్ గారు — "సంతోషించాలండీ మేడమ్. వాళ్ల రీసెర్చంతా మనకి ఊరికే వచ్చేసింది కదా."

సంతోషమే అన్నాను.

ఏప్రిల్ 9
రోజంతా పట్టే పని భోజనానికి ముందే అయిపోయింది. ఒక్క రింగూ తప్పలేదు. చూస్తూ నిలబడ్డాను. టీ చల్లారిపోయింది.

ఏప్రిల్ 18, శనివారం
యాదగిరి గారిని పనిలోంచి మాన్పించారు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ — "గా కొత్త మిషను తెర మీది అక్షరాలు నాకు కనవడ్తలేవు మేడమ్. మీరేం పరేషాన్ గాకుండ్రి."

ప్రసాద్ గారు పక్కనే ఉన్నారు. నేను రింగులు లెక్కపెడుతూ ఉండిపోయాను. గేటు దాకా కూడా వెళ్లలేదు.

ఏప్రిల్ 20
రాయడానికేం లేదు.

మే 12, మంగళవారం
మూడింటికి మిషను లోపలి కూలింగ్ ఎండకు తట్టుకోలేక ఆగిపోయింది. తర్వాత వచ్చిన రింగులన్నీ కొలత తప్పాయి. కంపెనీకి ఫోన్ చేస్తే, షెడ్డులో ఏసీ పెట్టుకోండి అన్నారు. ఈ రేకుల షెడ్డులో!

మే 13
పాత మిషనుకు యాదగిరి గారు చేసేదే చేశాను. మిషనును చల్లబరిచే కూలెంట్ ట్యాంకు చుట్టూ తడి గోనెసంచులు, ఎదురుగా పెద్ద ఫ్యాను. గంటకోసారి నీళ్లు చల్లడం. సాయంత్రం దాకా కొలత నిలిచింది. ప్రసాద్ గారు వీడియో తీసి, మా ఆరేళ్ల పని గురించి కూడా రాసి కంపెనీకి పంపారు.

మే 22, శుక్రవారం
జపాన్ నుంచి మెయిల్. ఆరు వేసవుల్లో మేం రాసుకున్న వేడి, కొలతల రీడింగులు కావాలట. వేడి దేశాలకు పంపే మిషన్లలో మార్పులు చేస్తారట.

ప్రసాద్ గారు — "వాళ్లే మనల్ని అడుగుతున్నారంటే మాటలా మేడమ్! ఇవాళే పంపేయండి."

గర్వపడాలేమో. ఏమీ అనిపించడం లేదు.

మెయిల్‌తో వచ్చిన ఫారంలో ఒక గడి — ఈ పద్ధతి కనిపెట్టినవారి పూర్తి పేరు.

యాదగిరి...

ఆరేళ్లు పక్కపక్కన నిలబడి పనిచేశాం. ఆయన ఇంటిపేరు తెలియదు. హాజరు పుస్తకంలోనూ యాదగిరి అనే ఉంది. ఆయనకే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను.

ప్రసాద్ గారు గుమ్మంలోంచి — "మీ పేరే రాసేయండి, వాళ్లకేం తెలుస్తుంది?"

నా పేరులో మొదటి అక్షరం టైపు చేశాను. ఆ ఒక్క అక్షరమే తెర మీద అలాగే ఉంది; రెండోది కొట్టలేదు, దాన్ని చెరపనూ లేదు.