మాట మధ్యలో నిద్రపోయే రాక్షసుడు

అమ్మా,

జ్వరం తగ్గింది, పనిలోకి వెళ్తున్నాను, కంగారుపడకు. మా బైండింగు షాపుకి ఓ చిన్న పుస్తకం కుట్టడానికొచ్చింది. పిల్లల మాయాకథలు రాసి పేరుమోసిన ఒకావిడతో ఇంటర్వ్యూ. "చదవడం కాదు తల్లీ, కుట్టు!" అని మేస్త్రీ గొణుగుతున్నా చదివేశాను. ఆవిడ కథలో రాక్షసుడు మాట మధ్యలోనే గురకపెడతాడట, పిల్లలు "ఊఁ, తర్వాత?" అని చెవి లాగితే లేస్తాడట. అంతా సొంత ఊహేనట! పనినుంచి వచ్చి రాక్షసుడి కథ చెబుతూ గురకపెట్టింది నువ్వు, చెవి లాగింది మేము. గోడలకి చెవులుంటాయని ఊరికే అన్నారా? మేడమీద అద్దెకున్న టీచరమ్మ ఎప్పుడూ కిటికీ దగ్గరే కూర్చునేది, గుర్తుందా? ఆవిడ ఫొటో ఉంటే పంపు, అట్టమీద బొమ్మతో పోల్చి చూస్తాను. తమ్ముడి దగ్గు ఎలా ఉంది? నా ఊలు శాలువా కూడా పంపు. నాన్నకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

నీ పెద్దమ్మాయి

అడ్రసు పక్కన కాస్త చోటుంది. ఇంటర్వ్యూలో రాక్షసుడు చివరికి ఏమయ్యాడని అడిగితే, "నాకూ తెలీదు" అని నవ్విందట. ఎలా తెలుస్తుంది, నువ్వు ఒక్కనాడైనా పూర్తిచేస్తేగా! ఆ ముగింపు ఎవరికీ చెప్పకు. నేనొచ్చాక కిటికీ వేసి చెబుదువుగాని.