పాక గోడ మీద నీ ఇరుసు బొమ్మ

ఒరే పెద్దోడా,

నీ బండి బురద దాటిందిరా. సంతోషంగా రాద్దామనే కూర్చున్నాను గాని ఒళ్లు మండిపోతోంది.

వెనక చక్రాలు మాత్రమే లాగే మన పికప్పు ఏటా వానాకాలం పొలానికెళ్లే పుంతదారిలో కూరుకుపోయేది కదా. నువ్వు పాక గోడ మీద బొగ్గుతో కొలతలేసి గీసిన బొమ్మ చూసుకుంటూ మీ తమ్ముడు పాత జీపు ముందిరుసు, దాన్ని తిప్పే సామాను తెచ్చి బిగించాడు. ఇప్పుడు నాలుగు చక్రాలూ లాగుతున్నాయి. నిన్న ఎరువు బస్తాలతో పుంతలోకి దింపాడు. అలవాటు కొద్దీ నేను బండిని లాగడానికి ఎడ్లకు కాడి కట్టి నిలబెట్టాను. వాటికి పనే పడలేదు.

అంతలో రామచంద్రపురం మోటారు మేస్త్రీ, నువ్వు ఈ పని చేసిపెట్టమని అడిగిననాడు "ఎడ్లబండికి రెక్కలు కడతావేంటయ్యా" అని నలుగురిలో నవ్విన ఆ పెద్దమనిషే, "ఈ ఉపాయం నేను చెప్పిందేనండి" అన్నాడు అందరితోనూ. ఎంత అన్యాయంరా. చెయ్యి పట్టుకుని పాకలోకి లాక్కొచ్చాను.

"ఈ కొలతలు మీరు రాసినవేనా మేస్త్రీగారూ? చదవండి."

ఆయన గోడ వంక చూసి, "అబ్బాయి ఉండుంటే..." అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. బయటికి పంపేశాను.

ఎల్లుండి నీ సంవత్సరీకం. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం. ఆ గీతలు చూడలేకపోతున్నాను, సున్నం కొట్టించెయ్యండని ఏడాదంతా పోరిన మీ అమ్మ, పొద్దున్నే పాక గుమ్మంలో పీట వేసుకు కూర్చుంది. "ఈ గోడ జోలికి రాకండి" అంటోంది సున్నాలవాళ్లతో.

మీ నాన్న