పరలోకంలో చుట్టం

1986 మార్చి 9, ఆదివారం

పొద్దున ఆయన బైబిలు తీసి పక్కన పెడుతుంటే చూశాను. పేజీల అంచులన్నీ తెల్లగానే ఉన్నాయి, చివర ఒక్కచోట మాత్రం బొటనవేలి మురికి. తెరిచాను. ప్రకటన గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయం. కన్నీళ్ళు, మరణం ఇక ఉండవని చెప్పే చోటు.

మాకు పెళ్ళై పది నెలలు. ఆ మురికి పది నెలలది కాదు. ఆయన మొదటి భార్య ఎస్తేరు పోయి మూడేళ్ళు కావస్తోంది.

మార్చి 11

సాయంత్రం ప్రార్థనలో మళ్ళీ అదే మాట — మాకంటే ముందు నీ సన్నిధికి చేరినవాళ్ళను తిరిగి చూసే భాగ్యం... అక్కడికి వచ్చేసరికి రోజూ ఆయన గొంతు తగ్గుతుంది. నేను ఆమెన్ అనలేదు. అత్తయ్య రెండుసార్లు అంది, నాది కూడా కలిపి అన్నట్టు.

మార్చి 13

కల్లంలో మిరపకాయలు ఏరుతున్నాం. రంగు పోయిన తాలుకాయలు ఒక పక్కకి, మంచివి ఒక పక్కకి. అత్తయ్య, పక్కింటి మార్తమ్మత్త మాట్లాడుకుంటున్నారు, నేను అక్కడ లేనట్టే.

"మా ఎస్తేరుకేమే. ముందెళ్ళి అక్కడ ఇల్లు సర్దుకుంటా ఉండుద్ది. నా కొడుకు వెళ్ళేసరికి అన్నీ అమర్చి పెట్టుద్ది."

"మరి ఈ పిల్లో?"

"ఇదీ వస్తదిలే. బోలెడన్ని గదులంటగా."

తండ్రి ఇంట్లో నివాసాలు అనేకం. నిజమే, యోహాను పద్నాలుగులో ఉంది. అక్కడ కూడా పొయ్యి ఆమెది, డబ్బాల్లో ఉప్పెక్కడుందో తెలిసిందీ ఆమెకే. నేను వెళ్తే చుట్టాన్ని.

మార్చి 14

కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవాళ్ళు — పోయినవాళ్ళు నేరుగా వెళ్ళరు, ముందు కొంతకాలం శుద్ధి అయ్యే మంటలో ఉంటారని. మా సంఘంలో ఆ బోధ లేదు. బైబిల్లో లేదంటారు పాస్టరు అయ్యగారు. ఉంటే బాగుండేది. ఆమె ఇంకా దారిలోనే ఉండేది.

ఈ మాట కొట్టేయాలి.

కొట్టేయను.

మార్చి 16, ఆదివారం

సండేస్కూల్లో నా పాఠం పరలోకం. ముత్యాల గుమ్మాలు, బంగారు వీధి, దీపం అక్కర్లేని పట్టణం. సముద్రం ఇక ఉండదని చదివితే నాకు సముద్రపొడ్డున మా పుట్టిల్లు కొత్తపట్నం గుర్తొచ్చింది. ఆ వాక్యం దగ్గర నాన్న బడిలో జాలర్ల పిల్లలు గొడవ చేసేవాళ్ళు — సముద్రం లేకపోతే మా నాన్న ఎక్కడికి వెళ్తాడు సార్ అని.

ఇక్కడి పిల్లలకు ఆ బాధ లేదు. మార్తమ్మత్త మనవరాలు దీనమ్మ చేయెత్తింది. "అక్కడ మిరపకాయలుండవు టీచర్."

"ఎందుకని?"

"కన్నీళ్ళుండవన్నారుగా."

తర్వాత వాక్యం వెతికే పందెం. నేను అధ్యాయం, వచనం చెబుతాను. ముందు దొరికినవాళ్ళు లేచి గట్టిగా చదవాలి. దీనమ్మే గెలుస్తుంది ఎప్పుడూ.

మార్చి 18

అయ్యగారు వచ్చారు. మా ఆయన కాఫీ గ్లాసు అందిస్తూ అడిగారు, ఏదో బడి సంగతి అడిగినట్టు — "అక్కడ ఒకర్నొకరు గుర్తుపడతామా అయ్యగారూ?"

"ఎందుకు పట్టం మాస్టారూ. పాతాళంలో ఉన్న ధనవంతుడు అంత దూరాన్నుంచి పరలోకంలో లాజరును గుర్తుపట్టలేదా?"

ఆయన ముఖం. పది నెలల్లో నా కోసం ఒక్కసారి కూడా అలా వెలగలేదు.

మార్చి 19

మత్తయి ఇరవై రెండు. సద్దూకయ్యులు ప్రభువును అడుగుతారు — ఒకావిడ ఏడుగురన్నదమ్ములకు ఒకరి తర్వాత ఒకరికి భార్య అయింది, పునరుత్థానంలో ఆమె ఎవరి భార్య? ఏడుగురు పురుషులకు ఒక స్త్రీ సంగతి అడిగారు. ఒక పురుషుడికి ఇద్దరు స్త్రీల సంగతి ఎవరికీ తోచలేదు.

ముప్పయ్యో వచనంలో ప్రభువు జవాబు. అక్కడ పెళ్ళి చేసుకోవడం లేదు, చేసి ఇవ్వడం లేదు. దూతల్లా ఉంటారు.

నాలుగుసార్లు చదివాను. నేను ఆయనకు ఏమీ కాను. ఆమె కూడా ఏమీ కాదు. రెండో మాట దగ్గర ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది.

మార్చి 23, మట్టల ఆదివారం

ఈస్టరు పండక్కి సమాధులకు సున్నం వేస్తారు. రాతిమీద అక్షరాలు కూడా మళ్ళీ నల్లరంగుతో దిద్దాలి. ఇన్నేళ్ళూ పర్చూరు పెయింటరు వచ్చి రాసేవాడట. అత్తయ్య గుడి మెట్ల మీదే చెప్పేసింది, అందరూ వింటుండగా — "ఈసారి బయటివాడెందుకు? కాన్వెంటు చేతిరాత ఇంట్లోనే ఉందిగా."

ఆయన నావైపు చూసి, "కష్టమైతే వద్దులే."

కష్టం కాదన్నాను.

మార్చి 27, గురువారం

రాశాను. సున్నం కొట్టేసరికి పాత అక్షరాలన్నీ కనబడకుండా పోయాయి, రాసిచ్చిన కాగితంలో చూసి రాయాలి. ఎస్తేరు రాణి. పుట్టిన తేదీ. ప్రభువునందు నిద్రించిన తేదీ. ఆమె పేరులో తకారం నా పేరులో దానికంటే బాగా కుదిరింది.

కింద వాక్యం నంబరు. అందరి రాళ్ళ మీదా ఉండేదే — ప్రకటన 14:13, ప్రభువునందు మృతులైనవాళ్ళు ధన్యులని. కాగితంలో కూడా అదే ఉంది.

నేను మత్తయి 22:30 అని రాశాను.

అత్తయ్యకు చదువు రాదు. పక్కనే నిలబడి, "బాగున్నాయే అమ్మాయ్" అంది.

గుడ్ ఫ్రైడే

నేడే నాతో పరదైసులో ఉంటావని ప్రభువు పక్క సిలువమీది దొంగతో అన్నాడు. ఆ దొంగ ఇంట్లో ఒక భార్య ఉండి ఉండాలి. ఆమె గురించి ఎవరూ రాయలేదు.

మార్చి 30, ఈస్టరు

తెల్లవారుజామున అందరం సమాధుల తోటకు. కొవ్వొత్తులు, బంతిపూలు. అయ్యగారు ఒక్కో సమాధి దగ్గర ఆగి ప్రార్థిస్తున్నారు. ఎస్తేరు రాయి దగ్గర పిల్లలు ముందుకొచ్చి నిలబడ్డారు.

దీనమ్మ చేతిలో బైబిలు. పందెం అనుకుంది. నేనేగా నేర్పింది, నంబరు కనబడితే తీయమని. తీసింది. గట్టిగా, ఒక్క మాట తప్పకుండా చదివింది.

అయ్యగారు దగ్గి, "అవును... పునరుత్థానాన్ని గురించిన వాక్యమే" అని పాట ఎత్తుకున్నారు. మార్తమ్మత్త అత్తయ్య చెవిలో ఏదో చెప్పింది.

అత్తయ్య నన్నే చూస్తోంది. "పెయింటరు నయం. వాడు తాగొచ్చి కూడా రాయమన్నదే రాసేవాడు."

ఆయన కొవ్వొత్తి వెలిగించి పెట్టారు. గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించారు. నావైపు చూడలేదు.

మార్చి 31

మధ్యాహ్నం పెరట్లో. నేను గిన్నెలు తోముతుంటే వచ్చి బావి గట్టుమీద కూర్చున్నారు.

"పొరపాటున రాశావా?"

"లేదండి."

బావిలోకి చూస్తూ అన్నారు, "ఆ వాక్యం నాకూ తెలుసు. అక్కడికొచ్చినప్పుడల్లా పేజీ తిప్పేస్తా."

"నన్ను తిట్టండి."

"ప్రభువు మాటే కదా. దానికి నిన్నెలా తిట్టను?"

తిడితే బాగుండేది.

ఏప్రిల్ 2

సాయంత్రం ప్రార్థన. ముందు వెళ్ళినవాళ్ళ మాట రాలేదు. మిరప ధర గురించి, బడి పిల్లల పరీక్షల గురించి, నా ఆరోగ్యం గురించి చెప్పి ముగించారు. నా పేరు పెట్టి ప్రార్థించారు, మొదటిసారి.

ఇదే కావాలనుకున్నాను. గొంతు మాత్రం ఎక్కడా తగ్గలేదు. హాజరుపట్టీ చదివినట్టుంది.

ఆమెన్ అన్నాను.

ఏప్రిల్ 3

ఆయన బైబిలు బల్లమీద ఉంది. నిన్నా ఇవాళా తెరిచినట్టు లేదు.

ఏప్రిల్ 5

అత్తయ్య నల్లరంగు డబ్బా, కుంచె తెచ్చి నా ముందు పెట్టింది. "రేపు ఆదివారం గుడి వేళకి దిద్ది రా. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా."

ఆయన్ను అడిగాను. "నీ ఇష్టం" అన్నారు. కోపంగా కాదు. ఇంకెలాగూ కాదు.

దిద్దితే ఆయన మళ్ళీ ఆమె కోసం ఎదురుచూస్తారు. దిద్దకపోతే ఎవరి కోసమూ చూడరు — నా కోసం కూడా. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని పొద్దుట్నుంచి కూర్చున్నాను. డబ్బా మూత తీయలేదు.

ఎస్తేరు భూస్థాపనకు నేనూ వచ్చాను, ఆయన మా నాన్న దగ్గర చదువుకున్నారని నాన్న వెంట. ఆయన్ను మొదటిసారి చూసింది అక్కడే. ఆయన ఏడ్చిన తీరు చూశాను. ఏడాదిన్నర తర్వాత ఈ సంబంధం వస్తే, నాన్న అడగకముందే సరే అన్నాను.