గాసన్న చేతిలో నా పుల్లలు

చైత్ర పండగ మొదటి రోజు, 2001

ఈ రోజు థింసా ఆటకి తుడుము డప్పు వాయిస్తూంటే మధ్యలో నా కుడి చెయ్యి బిగుసుకుపోయింది. పుల్ల వేళ్ళలో ఇరుక్కుంది. వదుల్దామన్నా వదల్లేదు. తోలు బాగా మోగాలని తుడుముని కాచినట్టే చేతినీ కాస్తే దారికొస్తుందని మంట దగ్గర పెట్టాను.

తమ్ముడి వరసయ్యే గాసన్న నవ్వాడు. "అన్నా, అది మేక తోలేటి? ఇలా తే."

నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, పుల్లలు తీసుకుని వాడే వాయించాడు. బాగానే వాయించాడు. నా కడుపుమంట అదే.

వాడి కూతురు పాడేరులో నర్సు చదువుతోంది. ఆ అదృష్టమూ వాడిదే. పండక్కి వచ్చిన ఆ పిల్ల నా చెయ్యి నిమురుతూ చెప్పింది.

"కండలో సన్నటి పోగులుంటాయి పెదనాన్నా. ఒకదాన్నొకటి పట్టుకుని జారితే కండ బిగుస్తాది. ఆ పట్టు ఇడవడానికీ బలం కావాల. అలిసిపోతే బేగి ఇడవవు."

పట్టుకోవడానికే బలం కావాలనుకున్నాను ఇన్నాళ్ళూ.

రేపు ఎవరు వాయిస్తారని ఊరి పెద్ద అడిగాడు. అందరూ గాసన్న వైపే చూశారు. నేనే వాయిస్తానన్నాను. గాసన్న పుల్లలు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఆటలోకి వెళ్ళిపోయాడు.

అంత తేలిగ్గా ఇచ్చేశాడు. వాణ్ణి చూస్తే ఇప్పుడు మరీ కుళ్ళుగా ఉంది.